సలాబత్‌పురా జరీ నుంచి సచిన్ సాంచాల దాకా, గంగారాం మాస్టర్ వెంట

జగిత్యాలలో నాకొక చిన్న టైలరింగ్ షాపు ఉంది. తెరిచి ఇరవై ఎనిమిదేళ్లు. ఇన్నేళ్లలో నా కత్తెర కిందికి వచ్చిన బట్టలో సగానికి పైగా సూరత్‌దే. దానికి ఫాల్ కుట్టాను, పీకో చేశాను, జాకెట్లు కుట్టాను, "సూరత్ చీరేగా, ఎట్ల కుట్టినా నడుస్తది" అనే కస్టమర్లతో పోట్లాడాను. లాక్‌డౌన్‌లో షాపు మూసి ఇంట్లో కూర్చున్నప్పుడు అవే ముక్కలతో మాస్కులు కుట్టాను. వందల్లో కాదు, వేలల్లో. ఒక మధ్యాహ్నం మాస్కులకు నాడాలు వేస్తుంటే నవ్వొచ్చింది. ఏళ్ల తరబడి మనింటికి వచ్చిపోయే చుట్టం ఊరు ఒక్కసారైనా చూడకపోతే ఎలా ఉంటుందో, సూరత్‌తో నా సంగతి అలా ఉంది. రోడ్లు తెరుచుకోగానే ఆ ఊరు వెళ్లి, ఈ బట్ట పుట్టేచోటు కళ్లారా చూడాలని ఆ రోజే అనుకున్నాను.

రెండో వేవ్ తగ్గి, మూడోదాని మాట ఇంకా టీవీల్లోనే తిరుగుతున్న 2021 చలికాలంలో అవకాశం వచ్చింది. మా మేనకోడలు శ్రావణి సూరత్‌లో అడాజన్ వైపు ఫ్లాట్‌లో ఉంటుంది, వాళ్లాయన హజీరాలో ఇంజనీరు. అది నాకొక వాట్సాప్ సందేశం పంపింది. శనివారాల్లో నలుగురైదుగురిని వెంటబెట్టుకుని ఒక జరీ కార్ఖానా, ఒక మరమగ్గాల షెడ్డు చూపిస్తారట. మనిషికి మూడు వందల యాభై, వ్యాన్ ఖర్చు అందులోనే. గైడుకు హిందీ, గుజరాతీ, తెలుగు వచ్చు అని రాసి ఉంది. ఆ చివరి మాట చదివాక నేను ఇంకేమీ చదవలేదు, సంచి సర్దడం మొదలుపెట్టాను. జగిత్యాల నుంచి సికింద్రాబాద్ ఐదు గంటల బస్సు, అక్కడ మధ్యాహ్నం రాజ్‌కోట్ వైపు రైలు ఎక్కితే మరుసటి రోజు పొద్దుటికి సూరత్. ఈ రోజుల్లో ఏసీలో కూడా దుప్పట్లు ఇవ్వడం లేదు కాబట్టి చద్దరు వెంట తెచ్చుకోండి. నేను తెచ్చుకోలేదు, వణికాను.

శనివారం ఎనిమిదింటికి శ్రావణి, నేను అడాజన్‌లో ఆటో ఎక్కాం. బీఆర్‌టీఎస్ బస్సులో వెళ్తే ఇరవై రూపాయలతో పోయేది, కానీ ఆ రోజు నాకు ఆగే ఓపిక లేదు. తాపీ నది వంతెన దాటుతుంటే ఆటో అతను ఎక్కడికని అడిగాడు. కార్ఖానాలు చూడటానికి అని శ్రావణి చెబితే అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు. అందరూ చీరలు కొనడానికి వస్తారు, మీరేంటమ్మా అవి తయారవుతుంటే చూడ్డానికి వచ్చారు, అంటూ నూట పది అడిగిన చోట వంద తీసుకున్నాడు. నా ఉత్సాహం చూసి జాలిపడ్డాడేమో.

సలాబత్‌పురా సందు మొదట్లో మా గైడు నిలబడి ఉన్నాడు. పేరు గంగారాం, వయసు అరవైకి దగ్గర, ఇస్త్రీ చొక్కా, భుజాన ఆకుపచ్చ గుడ్డ సంచి, ముఖానికి నీలం మాస్కు. మా ఇద్దరితో పాటు పుణెలో చీరల షాపు నడిపే భార్యాభర్తలు కూడా వచ్చారు. అందరి ఫోన్లలో టీకా సర్టిఫికెట్లు చూశాక ఆయన తనది సిరిసిల్ల అనీ, సూరత్ వచ్చి ముప్పై ఎనిమిదేళ్లయిందనీ, మరమగ్గాలు బాగుచేసే మాస్టర్‌గా పనిచేశాననీ చెప్పాడు. మా పక్క జిల్లా మనిషి. నేను లోపల్లోపల గంతులేశాను.

చెప్పడం మాత్రం అద్భుతంగా చెప్పాడు. ఇరుకు మెట్లెక్కి వెళ్లిన జరీ గదిలో రాగి తీగను చిన్న చిన్న రంధ్రాల్లోంచి లాగి, మళ్లీ లాగి, వెంట్రుకంత సన్నం చేస్తున్నారు. దాన్ని రెండు నున్నటి రోలర్ల మధ్య నొక్కి రేకులా చదును చేస్తారు. పక్కన వరసగా కదుర్లు గిర్రున తిరుగుతూ ఆ రేకును పసుపుపచ్చ దారం చుట్టూ చుడుతుంటాయి. చివర్న బంగారు పూత తొట్టి. జరీ అంటే దారం అనుకుని బతికాను ఇన్నాళ్లూ. అది దారానికి కట్టిన చీర అని ఆ గదిలో తెలిసింది. జరీ అంచు మీద నా సూది ఎందుకు అన్నిసార్లు చిక్కుకుంటుందో కూడా తెలిసింది, అది దారంలో దిగదు, పైనున్న రేకును చీలుస్తుంది. అక్కడ పనిచేసే ఒకామె పూత వేసిన పోగు నా అరచేతిలో పెడితే, నిశ్చితార్థంలో ఉంగరం చూసినంత సంబరంగా చూశాను.

కానీ ఈ గంగారాం ఏమడిగినా జవాబు చెప్పడు. నాకు ఇరవై ఎనిమిదేళ్ల సందేహం ఒకటి ఉంది. కొన్ని సూరత్ చీరలకు ఫాల్ ఎంత జాగ్రత్తగా కుట్టినా మొదటి ఉతుకుకే అంచు ముడతలుపడి కుచ్చులా లేస్తుంది. కస్టమర్ వచ్చి నన్ను తిడుతుంది. తప్పు నా కుట్టుదా, బట్టదా? సందులో నడుస్తూ అడిగాను, ఆయన వెనక్కి కూడా తిరగలేదు. మెట్లు దిగుతూ ఇంకోసారి అడిగాను. సందులో మూటలు మోసే బండ్ల గురించి చెబుతూ ముందుకు వెళ్లిపోయాడు. పుణె ఆయన హిందీలో ధరల గురించి ఏదో అడిగితే దానికీ అంతే. అర అంగుళం కోసం ఊరంతటితో వాదించే మనిషిని నేను, నన్ను వినీ విననట్టు వెళ్లిపోతే ఊరుకునే రకం కాదు. పర్యటన చివర షెడ్డు యజమాని స్వయంగా వచ్చి ఎలా ఉందో అడుగుతారని సందేశంలో రాశారు. ఆయనకు ఏం చెప్పాలో మాటలు కూడా కూర్చుకున్నాను.

పదకొండున్నరకు వ్యాన్ బయలుదేరింది. సచిన్ పారిశ్రామిక వాడ చేరడానికి ముప్పావుగంట పట్టింది. గేటు దగ్గరి చిన్న హోటల్లో సజ్జ రొట్టె, కాల్చిన వంకాయ కూర, బెల్లం, మజ్జిగ, మనిషికి తొంభై. వండే పెద్దావిడ నా రొట్టె మీద అడగకుండానే నెయ్యి కుమ్మరించి, చలికాలంలో నెయ్యి వద్దనేవాళ్లు సూరత్‌లో ఉండకూడదంది. అందరం మాస్కులు తీసి తినడానికి కూర్చున్నాం. అప్పుడు చూడాలి గంగారాంని. శ్రావణి సిరిసిల్ల నుంచి వచ్చిన కథ అడిగింది, చెప్పాడు. పుణె ఆయన పాలిస్టర్ దారం ధర అడిగాడు, చెప్పాడు. ఆయన భార్య ఈ ఊళ్లో మంచి చీర ఎక్కడ కొనాలని అడిగితే, మీ షాపులోనే కొనండి, ఈడ కొంటే మీ ఆయనకు కోపమొస్తది అని హిందీలో నవ్వించాడు. కంచం ముందుంటే గానీ ఈయన నోరు పెగలదన్నమాట అనుకున్నాను. అలిగి ఉన్నాను కాబట్టి నా ప్రశ్న మాత్రం అడగలేదు.

షెడ్డు తలుపు బయట ఆయన మాస్కు కిందికి దించి, మా అందరినీ ఎదురుగా నిలబెట్టి ఒక సంగతి చెప్పాడు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు, మా వైపు వాళ్లకు తెలిసిన మాటే. నలభై సాంచాలు నడిచే షెడ్డులో అరిచినా వినపడదు. అందుకే అక్కడ ఎవరూ అరవరు, పెదవులు కదుపుతారు, అవతలివాళ్లు పెదవులు చూసి అర్థం చేసుకుంటారు. లాక్‌డౌన్ తర్వాత షెడ్లు తెరిచేసరికి అందరి మూతులకూ గుడ్డ. ఏ సాంచా దగ్గర ఏమైందో ఎవరికీ తెలియక మొదటి వారం పనంతా ఆగమైంది.

"అప్పుడు నేనే సైగలు పెట్టిన," అన్నాడు. "గిట్ల రెండు వేళ్లు లేపితె కండె అయిపోయింది. గిట్ల పిడికిలి పడితె పడుగు తెగింది. ఛాతి మీద చెయ్యి పెడితె మాస్టర్ను పిలుస్తున్నట్టు. ఒడియా ఆయనకైనా, బిహారీకైనా, మనోళ్లకైనా ఒకటే భాష."

తలుపు తోశాడు. ఆ చప్పుడు గురించి నేనెంత రాసినా తక్కువే. చెవులతో విన్నట్టు లేదు, అరికాళ్లలోంచి ఎక్కి పళ్లలోకి వచ్చింది. అడ్డదారాన్ని, అంటే పేకను మోసే నాడె అటూ ఇటూ కొడుతుంటే నిలువు పోగుల పడుగు విడిపోతోంది, కలుస్తోంది, మన కళ్ల ముందే బట్ట వేలు వేలుగా ముందుకు జరుగుతోంది. నేను చిన్నపిల్లలా శ్రావణి చెయ్యి పట్టుకుని గుంజాను. షెడ్డు ఆ చివర్న ఒకతను రెండు వేళ్లు లేపాడు. ఈ చివర్నుంచి గంగారాం చెయ్యి ఊపాడు. పేక దారం చుట్టిన కొత్త కండె వచ్చేసింది. సలాబత్‌పురా సందుల్లో కాస్త వంగి నడిచిన మనిషి ఇక్కడ నిటారుగా, ఇంటి యజమానిలా నడుస్తున్నాడు.

సరిగ్గా అప్పుడు కరెంటు ట్రిప్పయింది. నలభై సాంచాలూ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఎవరో దగ్గితే కూడా వినిపించింది. గంగారాం ఒక సాంచా మీద అరచెయ్యి వేసి, ఆగింది కదా, ఇప్పుడు పడుగు పోగులు విడివిడిగా చూడండి అంటూ మాకు చూపిస్తున్నాడు. వెనక తలుపు తెరుచుకుని ముప్పై ఐదేళ్ల మనిషి వచ్చాడు, ముఖాన తెల్ల మాస్కు. షెడ్డు యజమాని, ఇక్కడ చిన్న సేటు అంటారని శ్రావణి పక్కనున్న పనివాడిని అడిగి గుసగుసగా చెప్పింది. ఆయన "మాస్టర్" అని పిలిచాడు. గంగారాం పోగులు చూపిస్తూనే ఉన్నాడు. మళ్లీ పిలిచాడు. మూడోసారి గట్టిగా పిలిచేసరికి షెడ్డులో ప్రతి ఒక్కరూ తిరిగారు, గంగారాం తప్ప.

మా ముఖాలు చూసి గంగారాంకి అనుమానం వచ్చి వెనక్కి తిరిగాడు. సేటు కళ్లు చూశాడు. చెయ్యి సాంచా మీంచి తీసేశాడు.

చిన్న సేటు మా వైపు వచ్చి హిందీలో మాట్లాడాడు. తాను షెడ్డుకు వచ్చినప్పుడల్లా సాంచాలు నడుస్తూనే ఉండేవి, పదేళ్లుగా ఈ సంగతి తెలియలేదు అన్నాడు. మీరు అడిగినవాటికి ఈయన జవాబులు చెప్పాడా అని అడిగాడు. పొద్దుట్నుంచి రోడ్డు మీద ఒక్కదానికీ చెప్పలేదని పుణె ఆయన ఉన్నమాట అన్నాడు. సేటు నా వైపు చూశాడు. నేను పొద్దున కూర్చుకున్న మాటలు నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. కానీ భోజనం దగ్గర మాస్కు లేని ముఖాలన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. సిగ్గేసింది. నేను నాలుగడుగులు దూరంగా గంగారాంకి ఎదురుగా వెళ్లి, మాస్కు కిందికి దించి, నా ఇరవై ఎనిమిదేళ్ల ప్రశ్న మూడోసారి అడిగాను.

ఆయన నా పెదవుల వంకే చూశాడు. ఆ తర్వాత నవ్వాడు. "నీ కుట్టు తప్పు కాదు చెల్లె. నాడె ఒక దిక్కు గట్టిగ తాకితె పేక అంచును గుంజుతది. మగ్గం మీద కనవడది. నీళ్లల్ల పడ్డంక బయటవడ్తది. జర ఆగు, చూపెడ్త."

కరెంటు వచ్చింది. షెడ్డు మళ్లీ అదిరింది. గంగారాం వరస వెంట నడుస్తూ ఒక్కో సాంచా చట్రం మీద అరచెయ్యి ఆనించి, ఒక్క క్షణం ఆగి, ముందుకు పోతున్నాడు. సేటు, మేము వెనకాలే. రెండో వరసలో ఒక సాంచా దగ్గర చెయ్యి తీయలేదు. మీట లాగి దాన్ని ఆపాడు. నేసిన బట్టను నా వైపు తోశాడు. చూడ్డానికి బాగానే ఉంది. నా సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. మధ్యలో ఒక మీటరు గుర్తు పెట్టి, అదే మేర అంచు మీద కొలిచాను. అర సెంటీమీటరు తక్కువ. టేపు సేటుకు చూపించాను. ఇన్నేళ్లూ నన్ను తిట్టిన ఆడవాళ్లందరినీ పిలిచి ఆ టేపు చూపించాలనిపించింది.

బయటికి వచ్చాక సేటు నాతోనే అన్నాడు. మాస్టర్ పనితనం మీద నాకు అనుమానం లేదు, కానీ పాత సాంచాలు తీసేసి కొత్త యంత్రాలు పెడుతున్నాం, వాటికి ఈయన చెయ్యి అక్కర్లేదు, అందుకే ఈ గైడు పని ఇచ్చాను. జనం అడిగినదానికి జవాబు చెప్పకపోతే ఇదీ నడవదు. వచ్చే శనివారం మళ్లీ వస్తాను, అప్పుడూ ఇలాగే ఉంటే చదువుకున్న మనిషినెవరినైనా పెట్టుకుంటాను. అంతా మాస్కు లోపలి నుంచే అన్నాడు. ఆయన కారు వెళ్లిపోయాక గంగారాం నన్ను అడిగాడు, "ఏమన్నడు?" నేను మాస్కు దించి అక్షరం వదలకుండా చెప్పాను. అంత కష్టమైన మాట ఈ మధ్య ఎవరికీ చెప్పలేదు.

ఆయన షెడ్డు గోడకు అరచెయ్యి ఆనించాడు. "సాంచాల కాడ అందరం చెవుడోళ్లమే గద చెల్లె. నాకొక్కనికే ఇనవడదని ఎవ్వలకు ఎర్కలేకుండె. మూతులకు గుడ్డలు కట్టినంక నేనొక్కన్నే చెవుడోన్ని అయిన."

సిరిసిల్ల వెళ్లిపోవచ్చు కదా అంది శ్రావణి, అదీ మాస్కు దించి.

"ఆడికి పోతె చెవిటి గంగారాంను, బిడ్డా. ఈడ మాస్టర్ను," అన్నాడు.

సాయంత్రం అడాజన్ వైపు నది ఒడ్డున పోంక్ బండి దగ్గర ఆగాం. పోంక్ అంటే లేత జొన్నకంకులు కాల్చి రాల్చినవి, మన ఊచబియ్యమే. వందకు ఇద్దరికి సరిపోయాయి, నిమ్మకాయ పిండి, సేవ్ చల్లి ఇస్తారు, తప్పక తినండి. నాకు మాత్రం రుచి సగమే తెలిసింది. ఆ మనిషి మూతులు చదివి బతికితే, నేను ఇంట్లో కూర్చుని వేల మూతులకు గుడ్డలు కుట్టాను. కుట్టడం తప్పని కాదు. కానీ కుట్టినదాన్ని నేనే కాబట్టి, ఇది నాకు పట్టని సంగతి అనలేకపోయాను.

ఆదివారం శ్రావణి కుట్టుమిషను ముందు కూర్చున్నాను. వాళ్లింట్లో కొత్త చీరకు చుట్టిన పారదర్శకపు కవరు ఉంది. దాన్ని కత్తిరించి, మాస్కు మధ్యలో పెదవుల మేర కిటికీ వేశాను. కట్టుకుని నాలుగు మాటలు మాట్లాడేసరికి కిటికీ ఆవిరితో తెల్లబడింది. శ్రావణి పడీ పడీ నవ్వింది. రెండోది, మూడోది కూడా అంతే. చివరికి లోపలి వైపు పొడి సబ్బు రుద్ది, మెత్తటి బట్టతో తుడిచి చూస్తే ఆవిరి నిలవలేదు. గురువారానికి ఎనిమిది మాస్కులు పూర్తయ్యాయి. నా రైలు ఎలాగూ ఆ మరుసటి ఆదివారమే.

రెండో శనివారం వడోదర నుంచి ముగ్గురు వచ్చారు. గంగారాం ఆకుపచ్చ సంచిలోంచి నేను కుట్టిచ్చిన కిటికీ మాస్కు తలా ఒకటి ఇచ్చాడు. ముందు నవ్వారు, సెల్ఫీలు దిగారు, తర్వాత అడగడం మొదలుపెట్టారు. ఎంత అడిగారంటే జరీ గదిలోనే గంట ఆలస్యమైంది. ఆయన ఒక్కొక్కరి ముఖం చూసి, ప్రశ్న సగంలో ఉండగానే అందుకుని జవాబు చెబుతుంటే నాకు ఈల వేయాలనిపించింది. ఒకామె ఆయన వెనక నుంచి అడిగింది, జవాబు రాలేదు. నేను ఆమె భుజం పట్టుకుని ముందుకు తిప్పాను. అది తప్ప నేనేమీ చేయలేదు.

చిన్న సేటు మూడింటికి షెడ్డుకు వచ్చాడు. సాంచాలన్నీ నడుస్తున్నాయి. నేను ఆకుపచ్చ సంచిలో మిగిలిన మాస్కు ఒకటి తీసి ఆయనకు ఇచ్చాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు, చుట్టూ ఉన్న పనివాళ్లను చూశాడు, తలుపు బయటికి వెళ్లి తన తెల్ల మాస్కు తీసి అది కట్టుకుని వచ్చాడు. గంగారాం ఎదురుగా నిలబడి ఏదో అన్నాడు. ఆ హోరులో నాకు ఒక్క ముక్క వినిపించలేదు. పెదవులు చదవడం నాకు రాదు. గంగారాం ఏదో చెప్పి ఐదు వేళ్లు చూపించాడు. సేటు తల ఊపి వెళ్లిపోయాడు. బయటికి రాగానే నేను ఆయన ముందుకు పరుగెత్తి, ఏమన్నాడని అడిగాను. ఈసారి అడగడం నా వంతు.

"వచ్చే శనివారం ఎంతమంది వస్తున్నరని అడిగిండు," అన్నాడు గంగారాం.

జగిత్యాలకు తిరిగొచ్చి మూడు వారాలైంది. షాపులో సూరత్ చీర విప్పిన ప్రతిసారీ ముందు అంచు మీద వేళ్లు నడుపుతున్నాను. ఎక్కడైనా గుంజుకుంటే ఆ నాడె గట్టిగా తాకిందని నాకు నేనే చెప్పుకుంటున్నాను, కస్టమర్లకూ చెబుతున్నాను, వాళ్లు నమ్మడం లేదు. చవక బట్ట అని మనం తీసిపారేసేదాని వెనక అరచేత్తో యంత్రం మాట వినే మనిషి ఉన్నాడని తెలిశాక, కత్తెర కాస్త నెమ్మదిగా నడుస్తోంది. ఇదంతా రాయనా అని బయలుదేరే ముందు ఆయన్ను అడిగాను. సేటుకే తెలిసినంక ఇంకెవలకు తెలిస్తే ఏంది, రాయి, అన్నాడు.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. సలాబత్‌పురాలో ఆయన ఇచ్చే కిటికీ మాస్కు కట్టుకునే ముందు లోపల పొడి సబ్బు రుద్ది తుడవండి, సబ్బుముక్క కూడా ఆయన సంచిలోనే ఉంటుంది. తర్వాత ఎదురుగా నిలబడి ఏమైనా అడగండి. వీపు వైపు నుంచి అడిగి, జవాబు రాలేదని నాలా అలగకండి.